బుల్లితెర గూఢచారి - ప్రేక్షకుని తీర్పు: ప్రధాన పాత్రాభినయంపై అభిప్రాయాల చారిత్రక పరిశీలన (1973-2021)

వ్యాససంగ్రహం:
గూఢచర్య ధారావాహికలో ప్రధాన నటుని పని తక్కిన ప్రక్రియల్లోని నటుని పనికి భిన్నమైనది. పాత్ర తన మనసును తోటి పాత్రలకు తెలియనీయకూడదు. నటుడు అదే మనసును ప్రేక్షకునికి తెలియజేయాలి. ఈ రెండింటి మధ్య నటుడు సాధించిన సమతూకాన్ని ప్రేక్షకులు ఎలా గుర్తించారు, ఎలా మెచ్చారు, ఎక్కడ ఎగతాళి చేశారు, ఎక్కడ ఆక్షేపించారు అన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం. సోవియట్ యూనియన్‌లో 1973లో ప్రసారమైన 'వసంతంలో పదిహేడు క్షణాలు' ధారావాహికను ప్రధాన ఆధారంగాను, బ్రిటన్‌లో 1979లో వచ్చిన 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'ని, భారతదేశంలో 2021లో వచ్చిన 'ది ఫ్యామిలీ మ్యాన్' రెండవ భాగాన్ని తులనాత్మకంగాను ఇందులో పరిశీలించడమైనది. భారతీయ నాట్యశాస్త్రంలోని 'అవహిత్థ' అనే వ్యభిచారిభావం ఈ పరిశీలనకు సైద్ధాంతిక భూమిక.

కీలక పదాలు: గూఢచర్యం, ధారావాహిక, అవహిత్థ, స్టిర్లిట్జ్, స్మైలీ, మౌఖిక హాస్యం, ప్రేక్షకాభిప్రాయం.

1. ప్రవేశిక:
రాజు గూఢచారుల కన్నులతో చూస్తాడని మన ప్రాచీనులు భావించారు. అందుకే రాజును 'చారచక్షువు' అన్నారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గూఢపురుషులను కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు మొదలైన వేషాలను బట్టి విభజించాడు. ఈ విభజనకు ఆధారం వేషమే. అంటే గూఢచారి వృత్తిరీత్యా నటుడన్న ఎరుక మనకు అర్థశాస్త్రం నాటి నుంచే ఉంది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకం ఆ ఎరుకను రంగస్థలం మీదికి తెచ్చింది.

అయితే రంగస్థలం మీద కనిపించే గూఢచారి వేరు, బుల్లితెర మీది గూఢచారి వేరు. రంగస్థలంపై నటుని ముఖం ప్రేక్షకునికి దూరంగా ఉంటుంది. టెలివిజన్ ఆ ముఖాన్ని ఇంటి గదిలోకి తెచ్చి, చేతికందేంత దగ్గరలో నిలిపింది. ఒకే ముఖాన్ని వరుసగా రోజులు, వారాల తరబడి చూసే అవకాశాన్ని ధారావాహిక కల్పించింది. ఫలితంగా ప్రేక్షకుడు కథతో పాటు ఆ ముఖాన్ని కూడా చదవడం నేర్చుకున్నాడు. అందువల్ల ఈ ధారావాహికలపై వచ్చిన ప్రేక్షకాభిప్రాయాలకు చారిత్రక విలువ ఏర్పడింది. ఒక సమాజం ఏ ముఖాన్ని నమ్మింది, ఏ ముఖాన్ని చూసి నవ్వుకుంది, ఏ ముఖం తనది కాదని తిరస్కరించింది అనే విషయాలు ఆ సమాజపు మనఃస్థితికి సాక్ష్యాలు.

2. సైద్ధాంతిక భూమిక - అవహిత్థ:
భరతుడు చెప్పిన ముప్పైమూడు వ్యభిచారిభావాలలో 'అవహిత్థ' ఒకటి. లోపలి భావం బయటి ఆకారంలో కనబడకుండా దాచుకోవడం దీని లక్షణం. సిగ్గు, భయం, గౌరవం, కపటం మొదలైనవి దీనికి విభావాలు. మాట మార్చడం, మాట మధ్యలో ఆపడం, లేని ధైర్యాన్ని తెచ్చిపెట్టుకోవడం మొదలైనవాటితో దీన్ని అభినయిస్తారు. కావ్యాలలో అవహిత్థ క్షణికమైనది. ప్రియుని ప్రస్తావన రాగానే నాయిక తల వంచుకొని మరో పనిలో మునిగినట్లు నటించడం వంటి సందర్భాల్లో మెరిసి మాయమవుతుంది. వ్యభిచారిభావం అంటేనే నిలకడ లేనిది.

గూఢచర్య ధారావాహికలో ఈ క్రమం తలకిందులవుతుంది. అక్కడ అవహిత్థ మొదటి భాగం నుంచి చివరి భాగం వరకు నిలిచి ఉంటుంది. నాయకుని స్థాయీభావమేదో తెలియాలంటే ప్రేక్షకుడు ఈ తెరను దాటి చూడాలి. తెర మరీ మందమైతే పాత్ర అర్థం కాదు. మరీ పలచనైతే, ఇంత సులభంగా బయటపడే మనిషిని శత్రువులు ఎందుకు పట్టుకోలేదనే సందేహం ప్రేక్షకునికి కలుగుతుంది. గూఢచారి పాత్రాభినయంపై వచ్చిన ప్రశంసలలో, విమర్శలలో అధికభాగం ఈ రెండు అంచుల మధ్యనే తిరిగాయి.

శంకుకుడు నటుణ్ణి చిత్తరువులోని గుర్రంతో పోల్చాడు. బొమ్మలోని గుర్రాన్ని చూసి నిజమైన గుర్రమని గాని, కాదని గాని అనుకోకుండా 'ఇది గుర్రం' అని గ్రహించినట్లే ప్రేక్షకుడు నటుణ్ణి రామునిగా గ్రహిస్తాడని ఆయన వాదన. గూఢచారి పాత్రలో ఈ బొమ్మలోనే మరో బొమ్మ ఉంటుంది. నటుడు గూఢచారిని అనుకరిస్తాడు. గూఢచారి శత్రు అధికారిని అనుకరిస్తాడు. ప్రేక్షకుడు రెండు అనుకరణలనూ ఏకకాలంలో గ్రహించవలసి ఉంటుంది.

3. వసంతంలో పదిహేడు క్షణాలు - నేపథ్యం:
యూలియన్ సెమ్యొనోవ్ నవల ఆధారంగా గోర్కీ ఫిల్మ్ స్టూడియో నిర్మించిన ఈ పన్నెండు భాగాల ధారావాహికకు తత్యానా లియోజ్నోవా దర్శకురాలు. నలుపు తెలుపుల్లో చిత్రించిన ఈ ధారావాహిక 1973 ఆగస్టులో సోవియట్ కేంద్ర టెలివిజన్‌లో ప్రసారమైంది. కథాకాలం 1945 ఫిబ్రవరి, మార్చి నెలలు. జర్మనీ ఓటమి ఖాయమైన దశలో నాజీ నాయకులలో కొందరు సోవియట్ యూనియన్‌కు తెలియకుండా పాశ్చాత్య రాజ్యాలతో రహస్యంగా సంధి మాటలు జరుపుతున్నారు. వారెవరో కనిపెట్టి, ఆ ప్రయత్నాన్ని భగ్నం చేయాలని మాస్కో ఆదేశిస్తుంది. ఆ ఆదేశాన్ని అందుకున్నవాడు బెర్లిన్‌లో ఎస్.ఎస్. స్టాండార్టెన్‌ఫ్యూరర్ (కర్నల్ హోదా) మాక్స్ ఒట్టో ఫోన్ స్టిర్లిట్జ్. అతని అసలు గుర్తింపు సోవియట్ గూఢచారి కర్నల్ ఇసాయెవ్.

కథకు చారిత్రక బీజం ఉంది. ఇటలీలోని ఎస్.ఎస్. అధిపతి కార్ల్ వోల్ఫ్ 1945 మార్చిలో స్విట్జర్లాండ్‌లో అమెరికా గూఢచర్య ప్రతినిధి అలెన్ డల్లెస్‌ను కలవడం చరిత్రలో నమోదైన సంఘటనే. స్టిర్లిట్జ్ మాత్రం కల్పిత పాత్ర. గెస్టపోలో పనిచేస్తూ సోవియట్లకు సమాచారమందించిన విల్లీ లేమాన్ అనే జర్మన్ అధికారి నిజంగా ఉన్నా, అతన్ని 1942లోనే నాజీలు పట్టుకొని చంపివేశారు. అంటే 1945 వసంతంలో బెర్లిన్‌లో సజీవంగా తిరిగే స్టిర్లిట్జ్, చరిత్రలో మిగలని మనిషికి కల్పన ఇచ్చిన రూపం.

నిర్మాణంలో సోవియట్ గూఢచర్య సంస్థ కె.జి.బి. ప్రమేయం ఉంది. సలహాదారుగా పేర్కొన్న ఎస్.కె. మిషిన్ అసలు పేరు సెమ్యోన్ త్స్విగున్. ఆయన ఆనాడు కె.జి.బి. ఉపాధ్యక్షుడు. గూఢచర్య సంస్థ పట్ల ప్రజల్లో గౌరవం పెంచే ప్రయత్నంలో ఈ ధారావాహిక ఒక భాగం. స్టాలిన్ కాలంలో అర్ధరాత్రి తలుపు తట్టిన సంస్థకు కొత్త ముఖం కావలసి వచ్చింది. ఆ ముఖంగా కనిపించినవారు వ్యాచెస్లావ్ తిఖోనోవ్.

4. స్టిర్లిట్జ్ - ఆలోచించే ముఖం:
అప్పటికే తిఖోనోవ్ సోవియట్ ప్రేక్షకులకు చిరపరిచితులు. బొందార్చుక్ తీసిన 'యుద్ధము-శాంతి'లో ప్రిన్స్ ఆంద్రేయిగా, 1968లో వచ్చిన 'సోమవారం దాకా బతుకుదాం'లో చరిత్ర ఉపాధ్యాయునిగా నటించారు. మితభాషి, సంస్కారి, లోలోపల బాధను దాచుకునే మనిషి అన్న ముద్ర ఆయనపై ముందే పడింది. స్టిర్లిట్జ్ పాత్ర ఆ ముద్రను వాడుకుంది.

ఈ ధారావాహికలో నాయకుడు పోరాడే సన్నివేశాలు అతి తక్కువ. ఎక్కువ సమయం అతడు కారు నడుపుతాడు, నడుస్తాడు, కూర్చుంటాడు, ఆలోచిస్తాడు. కెమెరా అతని ముఖంపై నిలిచిపోతుంది. నేపథ్యంలో యెఫిమ్ కొపెల్యాన్ గంభీర స్వరం అతని ఆలోచనలను వివరిస్తుంది. మికాయెల్ తరివెర్దియెవ్ సంగీతం అతని ఏకాంతాన్ని వినిపిస్తుంది. నటుడు ముఖంతో దాచినదాన్ని వ్యాఖ్యాత మాటతోను, స్వరకర్త రాగంతోను వెల్లడించారు. అవహిత్థకు లియోజ్నోవా ఎంచుకున్న పరిష్కారం ఇది. దాచే పని ఒకరిది, చెప్పే పని మరొకరిది.

ప్రేక్షకులు ఎక్కువగా గుర్తుంచుకున్న సన్నివేశంలో మాత్రం వ్యాఖ్యాత కూడా మౌనం వహిస్తాడు. స్టిర్లిట్జ్ భార్యను మాస్కో నుంచి బెర్లిన్‌లోని ఒక హోటలుకు రహస్యంగా తీసుకువస్తారు. ఇద్దరూ వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటారు. పలకరింపు లేదు, స్పర్శ లేదు. నిమిషాల పాటు ఒకరినొకరు చూసుకోవడమే. సంగీతం తప్ప మరో శబ్దం వినబడదు. యుద్ధంలో భర్తలను, కొడుకులను కోల్పోయిన కుటుంబాలు లేని వీధి లేని దేశంలో ఈ సన్నివేశం గూఢచర్య కథ హద్దులు దాటింది. ఎదురుచూపు అనే అనుభవం ఆ ప్రేక్షకులకు కథలో చూసి తెలుసుకోవలసినది కాదు. అందుచేత తిఖోనోవ్ కళ్ళలో వారు వెతుక్కున్నది గూఢచారిని కాదు, తిరిగి రాని తమ మనుషులను.

ఎర్రసైన్య దినోత్సవం నాడు స్టిర్లిట్జ్ ఒంటరిగా నిప్పుల్లో బంగాళాదుంపలు కాల్చుకుని తినే ఘట్టం కూడా ఇటువంటిదే. శత్రు రాజధానిలో, శత్రు అధికారి గృహంలో, తన దేశపు పండుగను ఎవరికీ తెలియకుండా చేసుకునే మనిషి అక్కడ కనిపిస్తాడు. బయట ఒక ముఖం, ఇంట్లో మరో ముఖం పెట్టుకొని బతకడం 1970ల నాటి సోవియట్ విద్యావంతులకు తెలియని సంగతి కాదు. సమావేశాల్లో చేయి ఎత్తి, వంటగదిలో మనసు విప్పిన తరం అది. స్టిర్లిట్జ్‌లో ఆ తరం తన ద్వంద్వజీవితాన్ని చూసుకుందన్న వ్యాఖ్య తరువాతి విమర్శకులు చేసినదే. దేశభక్తికి ప్రతీకగా ప్రభుత్వం నిలబెట్టిన ముఖాన్ని ప్రేక్షకుడు తన అంతరంగ ఏకాంతానికి ప్రతీకగా చదువుకున్నాడు. ఒకే అభినయానికి రెండు అర్థాలు పుట్టడానికి కారణం ఆ అభినయంలోని మౌనమే. మాట ఒక అర్థానికి కట్టుబడుతుంది. మౌనానికి ఆ కట్టుబాటు లేదు.

5. ముల్లర్ - మెప్పు పొందిన శత్రువు:
గెస్టపో అధిపతి హైన్రిఖ్ ముల్లర్ పాత్రను లియొనీద్ బ్రొనెవోయ్ పోషించారు. చారిత్రక ముల్లర్‌కు, ఈ ముల్లర్‌కు రూపంలో పోలిక లేదు. బ్రొనెవోయ్ ముల్లర్ గుండ్రని ముఖం, వ్యంగ్యం నిండిన మాట, అలసిన చూపు గల మధ్యవయస్కుడు. మెడను ఒక పక్కకు విదిలించే అతని అలవాటు ప్రేక్షకుల మనసుల్లో నిలిచిపోయింది. యూనిఫాం కాలరు బిగుతుగా ఉండి గుచ్చుకోవడం వల్ల నటునికి వచ్చిన ఆ కదలికను దర్శకురాలు పాత్ర స్వభావంగా నిలుపుకొన్నారని ప్రసిద్ధి. మెడ విదిలింపు ముల్లర్ లోపలి చిరాకును బయటపెడుతుంది. స్టిర్లిట్జ్ దేహం ఏమీ బయటపెట్టదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ప్రేక్షకుడు చూసేది రెండు అభినయ పద్ధతుల పోటీని.

రేడియో ఆపరేటర్ కాత్ సూట్‌కేసుపై స్టిర్లిట్జ్ వేలిముద్రలు దొరికిన తరువాత ముల్లర్ అతణ్ణి గెస్టపో నేలమాళిగలో కూర్చోబెడతాడు. స్టిర్లిట్జ్ అగ్గిపుల్లలను బల్లపై పేరుస్తూ, ఆ వేలిముద్రలకు నమ్మదగిన కారణాన్ని జ్ఞాపకంలో వెతుకుతాడు. కదిలేవి వేళ్లు మాత్రమే. ఉత్కంఠను పరుగులతోనూ తుపాకులతోనూ కాక అగ్గిపుల్లలతో సాధించిన ఈ ఘట్టం మొత్తం ధారావాహికకే నమూనా.

ప్రేక్షకులు ముల్లర్‌ను ద్వేషించలేకపోయారు. మిగతావారిని పంపివేసి స్టిర్లిట్జ్ ఒక్కణ్ణే ఉండమని అతడు అనే మాట రష్యన్ వాడుకలో నానుడిగా స్థిరపడింది. కార్యాలయాల్లో పై అధికారి ఎవరినైనా ఆగమన్నప్పుడు నవ్వుతూ వాడుకునే మాట అయింది. ఓలెగ్ తబకోవ్ పోషించిన షెలెన్‌బెర్గ్ పాత్ర కూడా ఆకర్షణీయమైనదే. సుమారు రెండు కోట్ల డెబ్బై లక్షల మంది సోవియట్ ప్రజల మరణానికి కారణమైన యుద్ధం ముగిసి మూడు దశాబ్దాలైనా కాలేదు. అటువంటి సమయంలో గెస్టపో అధిపతి ఇంటిల్లిపాదికీ ఇష్టుడు కావడం సామాన్య విషయం కాదు.

దీనికి రెండు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది కళాపరమైనది. ప్రతినాయకుడు తెలివైనవాడైతేనే నాయకుని తెలివికి విలువ. పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి మెచ్చుకున్న తెలుగు ప్రేక్షకులకు ఈ సంగతి వివరించనక్కరలేదు. రెండవది సామాజికమైనది. ధారావాహికలో నాజీ వ్యవస్థ కాగితాలు, దస్త్రాలు, ప్రవర్తనా నివేదికలు, పై అధికారుల భయం, కింది అధికారుల లౌక్యంతో నడిచే కార్యాలయంగా కనిపిస్తుంది. ప్రతి అధికారి గురించీ వినిపించే సేవా నివేదిక భాష సోవియట్ ఉద్యోగులకు తమ సొంత నివేదికల భాషను గుర్తుకు తెచ్చింది. శత్రువు గదిలో తమ కార్యాలయం కనిపించినప్పుడు ప్రేక్షకుడు నవ్వకుండా ఉండలేడు.

ఇందులో మరో విషాదకర చారిత్రక వ్యంగ్యం ఉంది. బ్రొనెవోయ్ తండ్రి సోవియట్ భద్రతా సంస్థలో అధికారి. 1930లలో అదే సంస్థ ఆయనను అరెస్టు చేసి శిబిరానికి పంపింది. కుటుంబం ప్రవాసానికి వెళ్లింది. రహస్య పోలీసుల ఇల్లు లోపలినుంచి ఎలా ఉంటుందో తెలిసిన బాలుడు పెద్దవాడై రహస్య పోలీసు అధిపతిగా నటించారు. 1976లో తిఖోనోవ్‌కు, బ్రొనెవోయ్‌కు కూడా వసీల్యేవ్ సోదరుల పేరిట ఉన్న రష్యన్ రాష్ట్ర పురస్కారం లభించింది. సోవియట్ గూఢచారికి, గెస్టపో అధిపతికి ప్రాణం పోసిన నటులిద్దరూ ఒకే పురస్కారాన్ని అందుకున్నారు. ప్రేక్షకుల తీర్పును ప్రభుత్వం కూడా కాదనలేకపోయిందనడానికి ఇది నిదర్శనం.

6. హాస్యకథలు - మౌఖిక విమర్శ:
సోవియట్ పత్రికలలో వచ్చే ప్రేక్షకుల లేఖలకు సంపాదకుల వడపోత ఉండేది. వడపోత లేని అభిప్రాయం నోటిమాటలో బతికింది. స్టిర్లిట్జ్‌పై పుట్టిన హాస్యకథలు రష్యన్ మౌఖిక సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖగా విస్తరించాయి. వీటిని కేవలం నవ్వులాటగా గాక అభినయ విమర్శగా చదవవచ్చు.

ఈ కథలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటి రకం వ్యాఖ్యాతను ఎగతాళి చేస్తుంది. స్టిర్లిట్జ్ ఆలోచించాడట, ఆలోచించడం బాగుందనిపించి మళ్లీ ఆలోచించాడట. తిఖోనోవ్ ముఖంపై నిలిచిపోయిన కెమెరాకు, ఆ ముఖం వెనుక ఏముందో చెప్పే కొపెల్యాన్ స్వరానికి ఇంతకంటే క్లుప్తమైన విమర్శ ఉండబోదు. ముఖంలో కనబడని ఆలోచనను మాటతో పూరించారన్న సంగతిని జనం పట్టుకున్నారు. రెండవ రకం గూఢచారి వేషాన్ని ప్రశ్నిస్తుంది. బెర్లిన్ వీధిలో నడుస్తున్న స్టిర్లిట్జ్‌ను ఏదో ఒకటి రష్యన్ గూఢచారిగా పట్టిస్తున్నదట. అది తలమీది ఎర్రసైన్యపు టోపీయో, వెనుక ఈడ్చుకొస్తున్న పారాచూటో తేలడం లేదట. నాయకుడు ఏం చేసినా పట్టుబడడన్న కథాసౌలభ్యంపై ఇది చురక. మూడవ రకం రష్యన్ పదాల శ్లేషపై ఆధారపడినది. మరో భాషలోకి రాదు.

తెలుగులో తెనాలి రామలింగని పేరిట ఉన్న కథలన్నీ చారిత్రక రామకృష్ణునివి కావు. జనం తమకు కావలసిన చమత్కారానికి ఆ పేరును ఆశ్రయంగా చేసుకున్నారు. స్టిర్లిట్జ్ విషయంలోనూ అదే జరిగింది. అయితే గమనించవలసిన తేడా ఒకటుంది. రామలింగడు కథల్లో చమత్కారి. స్టిర్లిట్జ్ ధారావాహికలో గంభీరుడు. ఆ గాంభీర్యమే హాస్యానికి ముడిసరుకైంది. ఈ నవ్వులో తిరస్కారం లేదు. ఎగతాళి చేసినవారే పునఃప్రసారమైన ప్రతిసారీ మళ్లీ టెలివిజన్ ముందు కూర్చున్నారు. అధికారం అందించిన వీరుణ్ణి అధికారం చేతుల్లోంచి తీసుకుని తమవాణ్ణి చేసుకునే మార్గంగా ఈ నవ్వు పనిచేసింది.

7. స్మైలీ - వినే ముఖం:
శీతలయుద్ధానికి అవతలి ఒడ్డున, 1979 సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో, బి.బి.సి. రెండవ ఛానల్ జాన్ లె కారె నవల ఆధారంగా 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'ని ఏడు భాగాలుగా ప్రసారం చేసింది. దర్శకుడు జాన్ ఇర్విన్. బ్రిటిష్ గూఢచర్య సంస్థలో ఉన్నతస్థాయిలో దాగి ఉన్న సోవియట్ ఏజెంటును పట్టుకోవడం ఇందులోని కథ. నాయకుడు జార్జ్ స్మైలీ పదవి కోల్పోయిన ప్రౌఢ అధికారి, భార్యా వియోగంలో ఉన్నవాడు. ఆ పాత్రను పోషించిన అలెక్ గిన్నెస్‌కు అప్పటికి అరవై అయిదేళ్లు. రెండేళ్ల క్రితమే 'స్టార్ వార్స్'లో ఓబీ-వాన్‌గా ప్రపంచానికి తెలిసిన నటుడు ఆయన.

ఇక్కడ వ్యాఖ్యాత లేడు. స్మైలీ ఆలోచనను ప్రేక్షకునికి చెప్పేవారెవరూ లేరు. గిన్నెస్ ఎంచుకున్న సాధనం వినడం. ఎదుటివారు మాట్లాడుతుంటే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు, చూపు మళ్లిస్తారు, ప్రశ్న వేయవలసిన చోట ఆగుతారు. భరతుడు అవహిత్థకు చెప్పిన అనుభావాలను తలపించే ఈ పద్ధతిలో దాచడం, చెప్పడం రెండూ ఒకే దేహం చేస్తుంది. పాత్రకు సిద్ధమవుతూ ఆయన బ్రిటిష్ గూఢచర్య సంస్థ మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనం చేసి, ఆయన తీరును పరిశీలించారు.

ప్రేక్షకుల స్పందన రెండు పాయలుగా చీలింది. కథ అర్థం కావడం లేదన్న ఫిర్యాదు విస్తృతంగా వినిపించింది. రేడియో వ్యాఖ్యాత టెర్రీ వోగన్ తన కార్యక్రమంలో ఆ గందరగోళాన్ని హాస్యంగా మార్చారు. క్లైవ్ జేమ్స్ వంటి విమర్శకులు మెచ్చలేదు. అయినా ప్రేక్షకులు విడిచిపెట్టలేదు. ఆ వారాలలో సమ్మె కారణంగా వాణిజ్య ఛానల్ ఐ.టి.వి. ప్రసారాలు నిలిచిపోవడం కూడా కొంత కలిసివచ్చింది. అయితే సమ్మె ప్రేక్షకుణ్ణి మొదటి భాగం ముందు కూర్చోబెట్టగలదు. ఏడవ భాగం వరకు కూర్చోబెట్టింది గిన్నెస్ ముఖమే. కథ అర్థం కానివారికి కూడా స్మైలీకి అర్థమవుతోందన్న నమ్మకం కలిగింది. ఈ పాత్రకు గిన్నెస్ బాఫ్టా పురస్కారం పొందారు. 1982లో వచ్చిన 'స్మైలీస్ పీపుల్' ధారావాహికకు మరోసారి పొందారు.

ప్రసారం ముగిసిన కొద్ది వారాలకే, 1979 నవంబరులో, రాజకుటుంబానికి చెందిన చిత్రకళా సేకరణలను పర్యవేక్షించిన ఆంథొనీ బ్లంట్ గతంలో సోవియట్ గూఢచారి అని ప్రధాని థాచర్ పార్లమెంటులో ప్రకటించారు. తెరమీద చూసిన ద్రోహం దినపత్రికలోకి వచ్చింది. రష్యాలో స్టిర్లిట్జ్ విజయ జ్ఞాపకానికి ముఖమైతే, బ్రిటన్‌లో స్మైలీ క్షీణిస్తున్న సామ్రాజ్యపు ఆత్మపరీక్షకు ముఖమయ్యాడు. ఒకరు శత్రువు ఇంట్లో తనవారిని తలచుకుంటారు. మరొకరు తన ఇంట్లోనే శత్రువును వెతుకుతారు. ఇద్దరి ఉమ్మడి ఆస్తి ఒంటరితనం.

నటుడు పాత్రను ఎంతగా ఆక్రమించాడంటే, గిన్నెస్ తన స్మైలీని తననుంచి తీసుకుపోయారని లె కారె చెప్పుకున్నారు. 2011లో గ్యారీ ఓల్డ్‌మన్ అదే పాత్రను చలనచిత్రంలో పోషించి ఆస్కార్ నామినేషన్ పొందినా, ప్రేక్షకుల చర్చ గిన్నెస్‌తో పోలికను దాటలేకపోయింది. శంకుకుని చిత్రతురగం ఇక్కడ తిరగబడింది: తరువాత గీసిన ప్రతి బొమ్మనూ మొదటి బొమ్మతోనే పోల్చారు, గుర్రంతో కాదు.

8. రాజీ - ఎవరి ముఖం?
తెలుగువారికి నేరుగా సంబంధమున్న ఉదాహరణ 'ది ఫ్యామిలీ మ్యాన్'. దీని సృష్టికర్తలు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. చిత్తూరు జిల్లా ప్రాంతం నుంచి వచ్చినవారు. 2019లో మొదటి భాగం, 2021 జూన్‌లో రెండవ భాగం అమెజాన్ ప్రైమ్ వీడియోలో విడుదలయ్యాయి. మనోజ్ బాజ్‌పేయి పోషించిన శ్రీకాంత్ తివారీ తన వృత్తిని ఇంట్లో దాచే గూఢచారి. అతని అవహిత్థ శత్రువు ముందు కంటే భార్యాపిల్లల ముందు ఎక్కువగా పరీక్షకు నిలుస్తుంది. మధ్యతరగతి తండ్రి తడబాటును గూఢచర్యంతో ముడిపెట్టిన ఈ అభినయాన్ని ప్రేక్షకులు తమ ఇంటి కథగా ఆదరించారు.

రెండవ భాగంలో సమంత పోషించిన రాజీ శ్రీలంక తమిళ పోరాటయోధురాలు. 'ఏ మాయ చేసావె' (2010) నుంచి ప్రణయ నాయికగా తెలిసిన నటి, అతి తక్కువ మాటలతో, దేహబలంతో, అణచిపెట్టిన గాయంతో కనిపించడం ప్రేక్షకులను ఆశ్చర్యపరిచింది. మౌనం మరోసారి ప్రశంసకు కారణమైంది. కాని ఈసారి మరో ప్రశ్న కూడా వచ్చింది. ప్రచార చిత్రం విడుదలైనప్పుడే ఈలం తమిళుల పోరాటాన్ని ఉగ్రవాదంగా చూపారన్న ఆగ్రహం తమిళనాడులో వ్యక్తమైంది. ధారావాహికను నిలిపివేయాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి లేఖ రాసింది. పాత్ర కోసం నటి శరీరవర్ణాన్ని నల్లబరచడంపై కూడా విమర్శ వచ్చింది. నటనను మెచ్చడం, ఆ నటన ఎవరి చరిత్రను మోస్తోందని అడగడం వేరువేరు పనులని ఈ వివాదం స్పష్టం చేసింది. ముల్లర్‌ను చూసి నవ్వుకున్న సోవియట్ ప్రేక్షకుడు విజేత పక్షాన కూర్చున్నాడు. రాజీని చూసిన తమిళ ప్రేక్షకుని గాయం ఇంకా మానలేదు.

మౌఖిక హాస్యం ఇక్కడ కూడా కొనసాగింది. క్లిష్ట సమయంలో ఫోన్‌లో సమాధానం చెప్పే చెల్లం సార్ అనే చిన్న పాత్ర కొద్ది రోజుల్లోనే దేశమంతటా హాస్యచిత్రాలకు వస్తువైంది. స్టిర్లిట్జ్ కథలను వంటగదిలో చెప్పుకున్నారు. చెల్లం సార్ కథలు చరవాణిలో తిరిగాయి. సాధనం మారినా, గూఢచారి సర్వజ్ఞతపై సామాన్యుని చురక మారలేదు.

9. అభినయం - అధికారం:
ప్రేక్షకుల ప్రేమ కేవలం కళారంగంలోనే నిలిచిపోదు. తిఖోనోవ్‌కు 1982లో సోషలిస్టు శ్రామిక వీర బిరుదు లభించింది. సోవియట్ యూనియన్ కూలిపోయిన తరువాత, 1992లో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరపాలనలో ఉన్న మాజీ కె.జి.బి. అధికారి వ్లదీమిర్ పుతిన్‌పై ఇగోర్ షద్ఖాన్ ఒక డాక్యుమెంటరీ తీశారు. అందులో పుతిన్ కారు నడుపుతుండగా తరివెర్దియెవ్ సంగీతం వినిపిస్తుంది. స్టిర్లిట్జ్ బెర్లిన్‌కు తిరిగివెళ్లే దృశ్యాన్ని చూసినవారికి ఆ సంకేతం ఇట్టే అందుతుంది. ఒక నటుడు పదిహేడు క్షణాలకు సంపాదించిన విశ్వాసం మరొకరి ముఖానికి అరువుగా వెళ్లింది. మౌనంగా ఉండే ముఖంలో ప్రేక్షకుడు తనకు కావలసిన అర్థాన్ని నింపుకొంటాడు. ఆ లక్షణం నాటకంలో రసానికి తోడ్పడుతుంది. రాజకీయంలో ప్రశ్నను మింగేస్తుంది. రసాస్వాదనకు అవసరమైన సాధారణీకరణం పౌరవివేచనకు పనికిరాదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

2009లో ఈ ధారావాహికకు రంగులద్ది మళ్లీ ప్రసారం చేసినప్పుడు, నలుపు తెలుపుల గాంభీర్యం పోయిందన్న అసంతృప్తి పాత ప్రేక్షకులలో వ్యక్తమైంది. అదే ఏడాది డిసెంబరులో తిఖోనోవ్ మరణించారు.

10. ముగింపు:
- గూఢచర్య ధారావాహికలో అవహిత్థ వ్యభిచారిభావంగా గాక నిరంతర భావంగా పనిచేస్తుంది. దాన్ని దాటి చూసే అవకాశాన్ని నటుడు ఎంతవరకు కల్పించాడన్నదే ప్రేక్షకుల మెప్పుకు కొలమానమైంది.
- స్టిర్లిట్జ్ పాత్రలో ఆ అవకాశాన్ని వ్యాఖ్యానం, సంగీతం కల్పించగా, స్మైలీ పాత్రలో నటుని దేహమే కల్పించింది. మొదటిది హాస్యకథలకు, రెండవది అస్పష్టత గురించిన ఫిర్యాదులకు దారితీసింది.
- పత్రికలలో చోటు దొరకని అభిప్రాయం మౌఖిక హాస్యంలో భద్రపడింది. కాబట్టి ప్రేక్షకాభిప్రాయ చరిత్రను రాసేవారు లేఖలతో, సమీక్షలతో సమానంగా హాస్యకథలనూ ఆధారాలుగా స్వీకరించాలి.
- ముల్లర్ పట్ల ఆదరణ, రాజీ పట్ల వచ్చిన ఆక్షేపణ కలిపి చూసినప్పుడు, ప్రేక్షకుడు నటనను తన చరిత్ర నుంచి విడదీసి చూడడని తెలుస్తుంది.
- గూఢచారి ముఖంపై ప్రేక్షకుడు చదివేది చాలావరకు తన కథే. ఆ ముఖాన్ని మెచ్చుకోవడం రసజ్ఞత. అదే ముఖం తెర దిగి అధికారపీఠం వైపు నడిచినప్పుడు దాని వెనుక ఏముందని అడగడం పౌరధర్మం. స్టిర్లిట్జ్‌ను ప్రేమిస్తూనే నవ్విన ప్రజలు ఈ రెండింటికీ ఒకప్పుడు చోటిచ్చారు.